పుట్టి పెద్దనాయన వేయని ముడి

పుట్టి పెద్దనాయన పోయాడు. కబురు పొద్దున పది గంటలప్పుడు వచ్చింది. ఆళ్లగడ్డలో మా రాతి కొట్టంలో కూర్చుని నేనొక రాతి నందికి చెవి చెక్కుతున్నాను. ఫోనులో ఆయన కూతురు ఏడవలేదు. "అన్నా, నాయన పోయినాడు. నంద్యాల ఆస్పత్రి కాడినించి తెస్తాండాం. బిన్నా రా," అని తొందర చేసి పెట్టేసింది. నేను ఉలి కింద పెట్టాను. మళ్ళీ తీసుకొని ఆ చెవి పూర్తిచేసి గానీ లేవలేదు. ఎందుకలా చేశానో సరిగా చెప్పలేను. భయం వేసింది, అంతవరకు తెలుసు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం వీధి చివర టీ అంగడి దగ్గర నలుగురు మాట్లాడుకుంటుంటే విన్నాను. "యాభై ఏండ్లు నీళ్ళ మీద బతికినోడు, ముసిలితనంలో ముడి తప్పు ఏసి పాణం మీదికి తెచ్చుకున్యాడు," అన్నాడొకాయన. "వయసప్పా, చెయ్యి మర్చిపోతాది," అన్నాడు ఇంకొకాయన జాలిగా. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. పెద్దనాయన ముడి తప్పు వేయలేదు. ఆ ముడి ఎవరిదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని అప్పుడనుకున్నాను. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన్ను పొగడడం ఒక్కటే పనైతే నాకంటే బాగా రాసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకే వదిలేసేవాణ్ణి.

ఆయన మాకు చుట్టం కాదు. కృష్ణ ఒడ్డున ఆయన ఊరు, శ్రీశైలం నీళ్ళ కింద మునిగిపోయింది. ఊరు పోయినా ఆయన నీళ్ళు వదల్లేదు. అదే నీళ్ళ మీద పుట్టి తిప్పుతూ, చేపలు పడుతూ, మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిస్తూ బతికాడు. భార్య పోయాక కూతురు ఆళ్లగడ్డకు తెచ్చుకుంది. వాళ్ళ ఇల్లు మా కొట్టం పక్కనే. సామాను పెద్దగా ఏమీ తేలేదు గానీ తన పుట్టిని మాత్రం ట్రాక్టరులో వేయించుకొని తెచ్చాడు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట అది, కింద పట్ట వేసి తారు పూసి ఉంటుంది. దాన్ని ప్రహరీ గోడకు బోర్లా ఆనించి ఏటేటా ఎండాకాలంలో కొత్తగా తారు పూసేవాడు. ఆళ్లగడ్డలో ఆ పుట్టి తేలేంత నీళ్ళు యాడున్నాయని మేం ఎగతాళి చేసేవాళ్ళం. "నీళ్ళు లేని కాడ ఉండాది కాబట్టే పూస్తాండా. ఎండకు పగుల్తాది," అనేవాడు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి మా కొట్టంలో పెద్ద రాళ్ళ నీడన కూర్చునేవాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు మాత్రం ఎదుటి వేపచెట్టు చివర మీదే ఉండేవి. ఆకు కదిలితే ఏ పక్కకు కదిలిందో చూసేవాడు. నీళ్ళను ఎప్పుడూ నీళ్ళు అని అనడు, 'అది' అంటాడు. "అది ఊరకుండాదని నువ్వు కూతలు కూయగూడదు" అనేది ఆయన మాట. ఇంకొక పట్టింపు కూడా ఉండేది. నీళ్ళ మీదికి పోయేవాణ్ణి ఎప్పుడొస్తావని ఎవరూ అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. ఆయన భార్య నలభై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదట. పొయ్యి మీద సంగటి మాత్రం ఇద్దరికీ కెలికేదట.

ఇక మా తెలివితక్కువ సంగతి. మా బావమరిదికి నంద్యాలలో సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అంగడిలో గిరాకీ లేనప్పుడు వాడు వీడియోలు చూస్తాడు. ఎక్కడో అడవుల మధ్య నదిలో మనుషులు సన్నని పడవల్లో తెడ్లు వేసుకుంటూ పోయి, ఒడ్డున గుడారం వేసుకొని, గాలంతో పట్టిన చేపను అక్కడే కాల్చుకొని తింటారు. అది చూసి చూసి వాడికి పిచ్చి పట్టింది. గాలి కొట్టే రబ్బరు పడవ ఒకటి తెప్పించాడు, ఇద్దరు కూర్చునేది. మూడు రోజుల ప్రయాణం అన్నాడు. నన్ను రమ్మన్నాడు, నాతోపాటు కొట్టంలో చెక్కే నా స్నేహితుణ్ణి కూడా రమ్మన్నాడు. మా ముగ్గురిలో ఎవడూ అంతకుముందు పడవ ఎక్కి ఎరగడు.

నేను పెద్దనాయనను అడిగాను. "వద్దు," అన్నాడు. వారం ఆగి మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి తిరిగి నన్నే అడిగాడు. "నేను రాకుంటే మీరు పోతారా, పోరా?"

"పోతాం పెద్దనాయనా. పడవ కొనేసినాడు."

ఆయన చాలాసేపు వేపచెట్టు వైపే చూశాడు. "అయితే వస్తా," అన్నాడు. పోము అని నేను ఒక్క అబద్ధమాడి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అబద్ధం ఆడాల్సిన చోట నిజం చెప్పాను. ఆ తర్వాత నిజం చెప్పాల్సిన చోట ఏం చేశానో ముందుముందు చెప్తాను.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మా కొట్టంలో మంతనాలు. చెక్కని నల్లరాతి పలక మీద ఆయన సుద్దతో గట్టు గీసేవాడు. ఇది రేవు, ఇది మలుపు, ఈ పక్కంతా నల్లమల. అడవి గట్టున కాలు పెట్టకూడదు, అది పులుల అడవి, మనకు పర్మిషనూ లేదు, పనీ లేదు. గుడారం చేల పక్క గట్టునే. తెల్లారగానే నీళ్ళ మీదికి పోవాలి, పొద్దు నడినెత్తికి రాకముందే గట్టెక్కాలి. పొద్దు తిరిగితే గాలి లేస్తుంది. దూరంగా ఉండాల్సిన కొండ దగ్గరికొచ్చినట్టు కనబడితే ఆ రోజు అసలు దిగకూడదు. సుద్దగీతల మధ్య అక్కడక్కడా చుక్కలు పెట్టాడు. అవేమిటని అడిగితే, "మునిగిన చింతచెట్ల మొద్దులు. ఇవి ఇండ్ల గోడలు. పైకి కనపడవు," అన్నాడు. బావమరిది ఆ పలకను ఫోటో తీసుకున్నాడు. ఆ చుక్కల్లో ఒకదాని దగ్గర ఆయన సుద్ద కొంచెం ఎక్కువసేపు ఆగింది, నేనడగలేదు.

బావమరిది తెచ్చిన జాబితాలో మడత కుర్చీలు, పాటల డబ్బా, గ్యాసు పొయ్యి ఉన్నాయి. పెద్దనాయన ఒక్కొక్కటీ విని పక్కన పెట్టించాడు. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఉప్పు, అగ్గిపెట్టెలు రెండు కవర్లలో, ఒక కత్తి. మనిషికి రెండు ఖాళీ నూనె క్యాన్లు, మూత బిగించి నడుముకు కట్టుకోడానికి. "క్యాను కట్టుకుంటే ఫోటోలో బాగుండదు పెద్దనాయనా," అన్నాడు బావమరిది. "శవం ఫోటో ఇంకా బాగుండదు," అన్నాడాయన. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఈత వచ్చా అని అడిగితే ముగ్గురం ఛాతీ విరుచుకున్నాం. మా సీమలో మగపిల్లలందరం బావుల్లోనే ఈత నేర్చుకుంటాం, గట్టు మీద నుంచి దూకుతాం, అడుగు ముట్టి మన్ను తెస్తాం. ఆయన మమ్మల్ని ఊరి బయట చెరువుకు తీసుకుపోయి ఒక్కొక్కరినీ బట్టలతోనే దిగమన్నాడు. బావమరిది అందంగా పది బారలు వేశాడు. పదకొండో బారకు తల తిప్పి పట్టుకోడానికి గోడ కోసం చూశాడు. గోడ లేదు. వాడి ముఖంలో రంగు మారడం ఒడ్డు నుంచి నాకే కనిపించింది. పెద్దనాయన క్యాను విసిరి లాక్కొచ్చాడు. "బావికి నాలుగు పక్కలా గట్టుంటాదప్పా. మీకు వచ్చింది గట్టు పట్టుకునే ఈత. ఆడ గట్టు మన కాడికి రాదు," అన్నాడు.

తర్వాత ముళ్ళు నేర్పాడు. నీళ్ళ మీద కట్టేది ఏదైనా సరే ఒక్క గుంజుకు ఊడి రావాలి. తాడు కొసను ఉచ్చులా మడిచి దూర్చి వదిలేసే ముడి అది, చిన్నపిల్లలైనా వేస్తారు. స్నేహితుడు నేర్చుకున్నాడు, బావమరిదీ నేర్చుకున్నాడు. నేను మాత్రం పెద్ద పనిమంతుణ్ణి కదా. పాతికేళ్ళుగా విగ్రహాలకు మోకులు కట్టి పైకి లేపుతున్నవాణ్ణి. మా ముడి బరువు పడేకొద్దీ బిగుస్తుంది, తడిస్తే ఇంకా బిగుస్తుంది, అదే దాని గొప్ప. "మీ ముడి చూస్తే నాకు నవ్వొస్తాది పెద్దనాయనా. మా ముడి ఏసినామంటే రాయి దిగేదాకా దేవుడు కూడా ఇప్పలేడు," అన్నాను.

"రాయికి నీది సరే. నీళ్ళకి మాత్రం నాది," అన్నాడాయన. లంగరుకని నేను ఒక గుండు చెక్కి, తాడు దూరేలా దానికి బెజ్జం తొలిచాను. దాన్ని చేత్తో తడిమి చూసి, "మంచి పని," అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను.

బయల్దేరేటప్పుడు పుట్టిని వ్యానుపైకి ఎక్కిస్తుంటే కూతురు గేటు దగ్గర నిలబడింది. ఎప్పుడొస్తారని ఆమె కూడా అడగలేదు. నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నువ్వుండావని పంపిస్తాండా," అంది. బావమరిది మాత్రం ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తామని ఫోనులో లోకానికంతా చాటాడు. పెద్దనాయన విని వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

నంద్యాల, ఆత్మకూరు దాటి తెల్లారేసరికి రేవు చేరాం. అక్కడి పుట్టివాళ్ళు అప్పటికే తమ పుట్లను ఒడ్డుకు లాగేసి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన, "ఈ పొద్దు వద్దులే పెద్దాయనా," అన్నాడు. పెద్దనాయన కొండ వైపు చూశాడు. కొండ మీది ఒక్కొక్క చెట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. బావమరిది అప్పటికే పడవకు గాలి కొడుతున్నాడు. "మలుపు దాకే. ఆడ్నే గట్టున పడుకొని రేపు చూస్తాం," అన్నాడు పెద్దనాయన. ఆయన మాకోసం ఒప్పుకున్నది అంతే. ఆయన చెప్పినంతవరకే ఆగి ఉన్నా సరిపోయేది.

పుట్టిలో నేనూ పెద్దనాయనా, రబ్బరు పడవలో వాళ్ళిద్దరూ. నీళ్ళు అలికిన నేలలాగా ఉన్నాయి. ఒక్క కొంగ లేదు. అక్కడక్కడా నల్లటి మొద్దులు బెత్తెడు పైకి లేచి ఉన్నాయి. ఒకచోట ఆయన తెడ్డు ఆపాడు. ఏమైందన్నాను. "ఏంలే. మా ఊరి మిట్ట ఇది," అని మళ్ళీ తెడ్డు వేశాడు. నేను కిందికి చూశాను. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు, అయినా కాళ్ళు ముడుచుకొని కూర్చున్నాను.

మలుపు దగ్గర గాలాలు వేద్దామని, "లంగరెయ్యి," అన్నాడు నాతో. ఆయన ఎర గుచ్చుతున్నాడు. గుండు వదిలి తాడును పుట్టి అంచుకు కట్టాను. చేతులు వాటికి అలవాటైన పని అవి చేసుకుపోయాయి. కట్టేశాక చూసుకున్నాను. అది మా ముడి.

"ముడి నేను చెప్పిందే కదా?" అన్నాడాయన తల ఎత్తకుండా.

"ఆఁ," అన్నాను.

విప్పి మళ్ళీ కట్టడానికి బద్ధకం. గొప్ప చెప్పుకొని తప్పు చేశానని ఒప్పుకోడానికి సిగ్గు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, ఏం కొంపలు మునుగుతాయిలే అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇప్పుడు వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు.

బావమరిది గాలానికి జెల్ల చేప పడింది. ఎర కోయడానికి కత్తి వాళ్ళ దగ్గరే ఉంది. పొద్దు నెత్తికొచ్చింది. "చాలు, గట్టుకు పదండి," అన్నాడు పెద్దనాయన. "ఇంకొక్కటి పెద్దనాయనా," అని వాడు. ఇంకొకటి పడింది. మరొకటి కూడా పడింది. అప్పుడు కొండ వైపు నుంచి నీళ్ళ మీద ఒక నల్లటి గీత మా వైపు రావడం చూశాను. పెద్దనాయన దాన్ని నాకంటే ముందే చూశాడు.

గాలి తగలగానే రబ్బరు పడవ విస్తరాకులా లేచి నడినీళ్ళ వైపు కొట్టుకుపోయింది. వాళ్ళ తెడ్డొకటి జారిపోయింది. నా స్నేహితుడు ఏదో అరుస్తున్నాడు, వినబడడం లేదు. "ఇప్పు," అన్నాడు పెద్దనాయన. నేను గోళ్ళతో ముడిని పీకుతున్నాను. ఆయనే వంగి తాడు కొస పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. రాలేదు. ఇంకొక గుంజుకు మరింత బిగిసింది. లంగరు పట్టి ఉంచడంతో పుట్టి అలతోపాటు లేవలేక అంచు మీదుగా నీళ్ళు తాగుతోంది. అప్పుడాయన ముడి వైపు చూశాడు. తర్వాత నా ముఖం వైపు చూశాడు.

తెడ్డు తిప్పి పట్టుకొని పుట్టి అంచు వెదురును కొట్టడం మొదలుపెట్టాడు. తాను అల్లుకున్న పుట్టి, ఏటేటా తారు పూసుకున్న పుట్టి. ఎన్ని దెబ్బలో తెలియదు, అంచు విరిగి ముడితో సహా నీళ్ళలోకి పోయింది. అంచు పోయిన పుట్టి పక్కకు వాలింది. అలాగే తెడ్డు వేసి వాళ్ళను అందుకున్నాడు. పడవలో సగం నీళ్ళు, బావమరిది అందులోనే ఉన్నాడు. నా స్నేహితుడు పడవ బయట నీళ్ళలో క్యాన్లు పట్టుకొని తేలుతున్నాడు. విరిగిన పుట్టి ఇంకొక మనిషిని మోయదు. పెద్దనాయన నీళ్ళలోకి దిగి తన చోటు వాడికిచ్చాడు. పడవ తాడు నడుముకు చుట్టుకొని, నన్ను తెడ్డు వేయమని, మమ్మల్నందరినీ చేల పక్కకు ఈడ్చుకుంటూ పోయాడు. చలికాలపు నీళ్ళు. గట్టెక్కేసరికి పొద్దు వాలుతోంది. మా అందరికీ ప్రాణాలున్నాయి. ఆయన దవడలు కొట్టుకుంటుంటే నా తువ్వాలు కప్పాను, అదీ తడిదే.

రేవు పుట్టివాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. పొద్దున రేవులో వద్దన్న ఆయన విరిగిన అంచును తడిమి చూసి, "ఎవురు కట్టినారు లంగరు?" అన్నాడు.

"నేనే. చెయ్యి మర్చిపోయింది," అన్నాడు పెద్దనాయన.

నేను పక్కనే ఉన్నాను. తువ్వాలు పిండుతున్నాను. నీళ్ళు అయిపోయినా పిండుతూనే ఉన్నాను.

మూడో రోజుకు జ్వరం, ఆయాసం. నంద్యాల ఆస్పత్రిలో చేర్పించాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఒక మధ్యాహ్నం కూతురు కిందికి పోయినప్పుడు మంచం పట్టె మీద కూర్చుని, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. ఆయన మాట మధ్యమధ్యలో ఆగుతూ వచ్చింది. "నువ్వు దేవుణ్ణి మోకులు కట్టి లేపినప్పుడు కింద పదిమంది నిలబడ్తారు. నీ ముడిని నమ్మి నిలబడ్తారు. వాని ముడి పాణం తీసిందంట అంటే ఒక్కడైనా నిలబడ్తాడా? నా ముడితో ఇంగ ఎవురికీ పనిల్యా. ఊరకుండు." నేను ఊరకున్నాను. అది ఆయన మాట మన్నించడమా, నా పిరికితనమా అని ఎవరైనా అడిగితే రెండోదే అంటాను. పదమూడో రోజు పోయాడు.

దినాలైన మర్నాడు వాళ్ళింటికి పోయాను. కూతురు వాకిట్లో చేటలో కందిపప్పు చెరుగుతోంది. నిలబడే చెప్పాను, ముడి సంగతి, అడిగితే ఆఁ అన్న సంగతి, ఆస్పత్రిలో మాట, అన్నీ. ఆమె చెరగడం ఆపలేదు. చివరికి చేట కింద పెట్టింది.

"నాకు తెల్సన్నా," అంది. "నాయన ముడి తప్పు ఏస్తాడా? నువ్వే వచ్చి చెప్తావని చూస్తాంటి. ఆస్పత్రిలో చూస్తి. మట్టికాడ చూస్తి."

ఇక ఎవరికీ చెప్పొద్దని పెద్దనాయన అన్నాడని ఏదో గొణిగాను.

"నాయన అంటాడు. ఆయప్ప అట్లాంటోడు," అంది. "నాకు చెప్పి ఏం లాభం? నాయన పేరు పోయింది నా కాడ కాదు కదా."

అందుకే ఇది రాశాను. చదివినవాళ్ళు ఆ టీ అంగడి దగ్గర చెప్పండి. నా మోకు కింద ఇక ఎవరూ నిలబడకపోతే పోనీండి.

ఆ రోజు ఆ మాట అని ఆమె లేచి లోపలికి పోయింది. వాళ్ళది రెండు రెక్కల తలుపు. ఒక రెక్క మూసింది. రెండో రెక్క అంచు మీద చెయ్యి వేసి, మూయకుండా, తీయకుండా, నా వైపు చూస్తూ అలాగే నిలబడింది.